దోబ్రి వెన్ను మోత

పొద్దున్నే బూట్లు తొడుక్కోవడానికి దోబ్రి వంగాడంటే ఇల్లంతా మోగేది. నడుం దగ్గరి ఎముక, మంద ముందు నడిచే పొట్టేలు మెడలో గంటలా బొంగురుగా మోగేది. దాని పైది కాస్త సన్నగా, ఆ పైది ఇంకాస్త సన్నగా... అలా మెడ దాకా వచ్చేసరికి మేకపిల్ల చిరుగంట. లేచేటప్పుడు అదే వరస పైనుంచి కిందికి. తుమ్మితే అన్నీ ఒక్కసారే.

"అయిందా జాతర?" అనేది వంటింట్లోంచి భార్య సేవ్దా.

"ఇంకో బూటుందే," అనేవాడు దోబ్రి.

రోదోపి కొండల్లో ఉన్న వాళ్ల ఊరు ద్రానోవ్‌దోల్‌లో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఒకరికి పిల్లికళ్లు, ఒకరికి ఎడంచేతివాటం, దోబ్రికి మోగే వెన్ను. చిక్కల్లా గొర్రెలతోనే. అతను వీధిలో వెళ్తుంటే పరాయివాళ్ల మంద కూడా బుద్ధిగా వెనకాలే వచ్చేది. ఒకసారి పోస్టాఫీసులోకి కూడా వచ్చేసింది. లాభమేమో ఊరి ఆడవాళ్ల పాట బృందానికి. బడిలో పాటలు నేర్పి రిటైరైన గాన్‌చో మాస్టారు ఆ బృందానికి పెద్ద. ప్రతి గురువారం దోబ్రిని మధ్యలో నిలబెట్టి, "కాస్త కుడికి వంగు నాయనా... ఇంకొంచెం... ఆఁ, కదలకు!" అని శ్రుతి అందుకునేవాడు.

దోబ్రి నలభై ఏళ్లు ఇళ్ల కప్పులకు రాతిపలకలు వీపున మోసి పైకెక్కించిన మనిషి. యాభై ఆరో ఏట వెన్ను ముందుకు వంగడం మొదలైంది. తర్వాత ఎడమకు మెలిక తిరిగింది. పన్నెండేళ్లలో అతని లోకం తన బూట్లూ, వాటి ముందు మూడడుగుల నేలా అయిపోయింది. ఊళ్లోవాళ్లని కాలిజోళ్లని బట్టి గుర్తుపట్టి పలకరించేవాడు. చర్చి ఫాదరు కొత్త బూట్లు కొనుక్కున్నప్పుడు నెల రోజులు ఆయన్ని పలకరించకుండా తిరిగాడు. ఆయనేమో, ఏం తప్పు చేశానా అని నెల రోజులు మథనపడ్డాడు.

ఆ ఏడు వసంతంలో వీధి కుళాయి దగ్గర దోబ్రి కూలబడ్డాడు. జారలేదు, తట్టుకోలేదు. నడుస్తూ నడుస్తూ ఉండగా కాళ్లు లేనట్టయిపోయాయి. అప్పుడు సేవ్దా అతని పక్కనే ఉంది. పడబోయే ముందు ఆమెకు ఒక మోత వినిపించింది. బీటవారిన కుండని వేలితో కొడితే వచ్చేలాంటి చచ్చు మోత. నడుముకి మూడెముకల పైనుంచి. అరగంటకి కాళ్లలో చీమలు పాకి స్పర్శ తిరిగొచ్చింది. అయినా సేవ్దా మర్నాడే అతన్ని బస్సెక్కించి ప్లోవ్‌దివ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

వెన్నెముక డాక్టరు పేరు కాంబురోవ్. గది బయట పేరు చదివి సేవ్దా మొహం చిట్లించింది.

"గూనివాళ్ల ఇంటిపేరు పెట్టుకున్నవాడు నీ గూని తీస్తాడా?"

"మరి గూని సంగతి వాళ్లకి కాకపోతే ఇంకెవరికి తెలుస్తుందే?" అన్నాడు దోబ్రి నేలకేసి చూస్తూ.

డాక్టరు పొడుగ్గా, కర్రలా నిటారుగా ఉన్నాడు. ఎక్స్‌రేలు తీయించాడు. ఎమ్మారై చేయించాడు. ఆ మిషను లోపల డబడబా కొట్టుకుంటుంటే దోబ్రి వెన్ను లోపల్నుంచి దానికి తాళం వేసింది. మిషను నడిపే అమ్మాయి మొదట "కదలకండి తాతా" అంది. కాసేపయ్యాక పాదంతో తనే తాళం వేసింది. ఆ సందడిలో బొమ్మ సరిగ్గా రాక రెండోసారి తీయాల్సొచ్చింది.

డాక్టరు ఫిల్ములు వెలుతుర్లో పెట్టి, పెన్సిలుతో గీతలు గీసి కోణం కొలిచాడు. వెన్ను పక్కకి డెబ్భై డిగ్రీలు వంపు తిరిగింది. ముందుకు వంగిన చోట ఎముకలు లోపలి నరాల తాడుని నొక్కేస్తున్నాయి.

"మీరు పడింది అందుకే," అన్నాడు. "ఇలాగే వదిలేస్తే వచ్చే చలికాలానికి కాళ్లు పూర్తిగా పోతాయి. వెనకనుంచి తెరిచి, ఒక్కో ఎముకలో మరలు బిగిస్తాను. మధ్యలో ఒక ఎముకని ముక్కోణంగా కోసి తీసేస్తే వంపు విప్పుకుంటుంది. అప్పుడు రెండు కడ్డీలతో నిలబెడతాను. మొత్తం పదకొండు ఎముకలు కలిసి ఒకటే అవుతాయి."

"మోగుతాయా?" అన్నాడు దోబ్రి.

"బిగించిన ఎముక మోగదు పెద్దాయనా."

ఆ మాట ఎలా చేరిందో గానీ, మూడోరోజు గాన్‌చో మాస్టారు తొమ్మిది మంది ఆడవాళ్లతో, ఆలుగడ్డల రొట్టె పతాత్నిక్ పళ్లెంతో డాక్టరు గదిలోకి దూరాడు. చేతిలో కాగితం. దాని మీద ఎముకలన్నీ ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఉన్నాయి.

"డాక్టరు గారూ, కిందనుంచి రెండోదీ అయిదోదీ వదిలేయండి. మిగతావి మీ ఇష్టం. ఆ రెండూ లేకపోతే మా పెళ్లిపాటలన్నీ పోతాయి."

"ఇది కసాయి కొట్టు కాదు మాస్టారూ, కావలసిన ముక్క అడగడానికి," అన్నాడు డాక్టరు. కానీ పతాత్నిక్ ముక్క మాత్రం తీసుకున్నాడు.

"పోనీ అయిదోది ఒక్కటీ."

అంతవరకూ మూల కుర్చీలో కూర్చున్న సేవ్దా లేచింది. "మాస్టారూ, మా ఆయన మనిషి. నీ హార్మోనియం కాదు. శ్రుతి కావాలంటే మేకని కొనుక్కో!"

నిజానికి ఆ మోత పోతుందంటే అందరికంటే సంతోషించాల్సింది సేవ్దాయే. నలభయ్యొక్క ఏళ్లుగా అతను పక్క మీద దొర్లినప్పుడల్లా ఆమెకు మెలకువ వచ్చేది. అయినా "మోగదు" అని డాక్టరు అన్నప్పటినుంచీ ఎవరో తన వస్తువు అడక్కుండా తీసుకుపోతున్నట్టు ఉంది ఆమెకి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దోబ్రి మాత్రం తల పైకెగరేసి నాలుక చప్పరించి, మాస్టారి మాట కాదనేశాడు. "గాన్‌చో, పాటకి నువ్వు ఇంకేదైనా వెతుక్కోగలవు. నేను కాళ్లు ఎక్కడ వెతుక్కోను?"

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

డాక్టరు అప్పుడొక మాట చెప్పాడు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తలకీ కాళ్లకీ తీగలు తగిలించి, నరాలు పనిచేస్తున్నాయో లేదో ఒక మిషను చూస్తూ ఉంటుంది. వెన్ను సాగదీసేటప్పుడు నరాల తాడు లాగేస్తే అది హెచ్చరిస్తుంది. కానీ ఒక్కోసారి ఆలస్యంగా హెచ్చరిస్తుంది.

"మీ ఆయన వెన్ను అంతకంటే ముందే చెబుతుందేమో. కానీ దాని భాష నాకు రాదు. వచ్చినవాళ్లెవరైనా నా పక్కన కూర్చోవాలి."

"నేను!" అన్నాడు మాస్టారు. "ఈ జిల్లాలో నా అంత చెవి ఉన్నవాడు లేడు."

డాక్టరు మాస్టార్నీ సేవ్దానీ గోడకేసి తిరగమన్నాడు. దోబ్రి వెన్ను మీద ఒకచోట బొటనవేలితో నొక్కాడు. గంట మోగింది.

"పై శ్రుతికి అర మెట్టు కింద," అన్నాడు మాస్టారు వెంటనే.

"కుడి భుజం కిందది. వాన వచ్చే ముందు సలుపుతుంది," అంది సేవ్దా. "డాక్టరు గారూ, అంత గట్టిగా నొక్కకండి, నొప్పేస్తోంది ఆయనకి."

"మీరెలా చెప్పగలరు? గోడకేసి తిరిగి ఉన్నారుగా?" అన్నాడు డాక్టరు.

"మోతలోనే ఉంది కదండీ."

దోబ్రి పళ్లు బిగబట్టి ఉన్నాడు. డాక్టరు చెయ్యి తీసేసి, సేవ్దా పేరు రాసుకున్నాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఎనిమిదింటికి సేవ్దాకి ఆకుపచ్చ గౌను, టోపీ, మాస్కు తగిలించారు. ఆమె అల్లిక సంచితో లోపలికి రాబోతే పెద్ద నర్సు ఆపి, సూదులు లాగేసుకుంది.

"నాలుగు గంటలు ఊరికే కూర్చోనా తల్లీ?"

"ఆరు గంటలు. ఊరికే."

దోబ్రిని బోర్లా పడుకోబెట్టి మత్తిచ్చారు. అతని తలవైపు స్టూలు వేశారు. మధ్యలో గుడ్డ అడ్డం కట్టడంతో సేవ్దాకి ఏమీ కనపడలేదు, వినడమే. మొదటి మర తిరుగుతుంటే నడుం ఎముక బొంగురుగా మోగింది. "బాగుంది," అంది. రెండోది, మూడోది, బాగున్నాయి. ఏడోదాని దగ్గర, "కాస్త బయటికి పోతోందండీ, ఎముక గోడకి తగిలినట్టుంది," అంది. డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి, మర తీసి, పక్కకి తిప్పి మళ్లీ బిగించాడు. పెద్ద నర్సు ఆ తర్వాత సేవ్దాని "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది.

ఎముక ముక్క కోసి తీశారు. కడ్డీలు పెట్టారు. ఇక నిలబెట్టడమే మిగిలింది. డాక్టరు కొంచెం కొంచెంగా వంపు విప్పుతుంటే మోతలు ఒక్కోటీ తేటపడుతూ వచ్చాయి. పెళ్లినాటి దోబ్రి ఇలాగే మోగేవాడు. సేవ్దా కళ్లు మూసుకుంది.

"చూడండి, గీత గీసినట్టు వస్తోంది," అన్నాడు డాక్టరు సంబరంగా. వియన్నాలో వెన్ను డాక్టర్ల సభ ఉంది. ఆ ఎక్స్‌రే అక్కడ తెర మీద ఎలా ఉంటుందో ఆయన అప్పుడే ఊహించేసుకుంటున్నాడు. "ఇంకొక్క పది డిగ్రీలు."

అప్పుడు వినబడింది ఆ చచ్చు మోత. బీటవారిన కుండ మోత. నడుముకి మూడెముకల పైనుంచి.

"ఆపండి!"

"మిషను బాగానే ఉందండీ," అన్నాడు తీగల దగ్గర కూర్చున్న మనిషి. "గీతలన్నీ నిండుగా ఉన్నాయి."

"అది కుళాయి దగ్గరి మోత! ఆయన కాళ్లు పోయేటప్పుడు వచ్చిన మోత! మీ మిషను అప్పుడు అక్కడుందా? నేనున్నాను! డాక్టరూ, వదులు! వదులయ్యా బాబూ!"

ఆ గదిలో డాక్టరు మీద ఎవరూ అలా అరిచి ఉండరు. ఆయన చేతులు కడ్డీ మీద ఆగిపోయాయి. పది డిగ్రీలు. ఒక్క క్షణం ఆలోచించి, తిప్పిందంతా వెనక్కి తిప్పేశాడు.

అప్పటికి మిషను మీద ఎడమ కాలి గీత పడిపోయింది, వెంటనే కుడి కాలిది. తీగల దగ్గరి మనిషి మొహం పాలిపోయింది. గడియారంలో పెద్దముల్లు నాలుగు గీతలు జరిగింది. కుడి గీత లేచింది. ఆ తర్వాత ఎడమది లేచి నిండింది. దోబ్రి వెన్నులో ఆ ఎముకే నీరసంగానైనా శుభ్రంగా ఒకసారి మోగింది.

"ఇప్పుడు బాగుంది," అంది సేవ్దా. అని స్టూలు మీంచి పక్కకి ఒరిగిపోతే పెద్ద నర్సు పట్టుకుంది.

"ఇలాగే బిగించేస్తున్నాను," అన్నాడు డాక్టరు. "వియన్నావాళ్లు ఏమనుకుంటే అనుకోనీ." మరలు ఒక్కోటీ బిగిస్తుంటే మోతలు ఒక్కోటీ ఆగిపోయాయి. పదకొండోది ఆగేదాకా సేవ్దా నర్సు చెయ్యి వదల్లేదు.

రెండోరోజు దోబ్రి కాలివేళ్లు కదిలించాడు. అయిదోరోజు నడుముకి పట్టా కట్టి నిలబెట్టారు. మంచం పట్టుకుని లేచి, కాస్త ముందుకు ఒరిగి ఆగాడు. అతని కళ్లు ఎదురుగా ఉన్న సేవ్దా నడుం దగ్గరా ఆగలేదు, మెడ దగ్గరా ఆగలేదు. మొహం దాకా వచ్చాయి. చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు ఇంత ముసలిదానివయ్యావే?"

"నువ్వు నా చెప్పులు చూస్తూ తిరిగావే, అప్పుడు," అంది. అని సిగ్గేసి తల దించుకుంది.

గాన్‌చో మాస్టారు కిటికీ దగ్గర నిలబడి దీనంగా అడిగాడు. "మెడలోవి మిగిలాయిగా, అవైనా..."

"రెండు నెలలు మెడ కూడా తిప్పకూడదు," అంది పెద్ద నర్సు. ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పదోరోజు దోబ్రి వరండాలోకి వచ్చాడు. మొదట గోడ పట్టుకుని. తర్వాత గోడ వదిలేసి. ఇళ్ల కప్పుల మీద నడిచిన పాత అడుగులు, బారెడు బారెడు అడుగులు. ఎదురొచ్చిన ప్రతివాడికీ మొహంలో మొహం పెట్టి "బాగున్నారా" అంటున్నాడు, వాళ్లెవరో తెలియకపోయినా. పన్నెండేళ్లు అతని పక్కన అడుగులో అడుగేసి నడిచిన సేవ్దా, అతని మంచినీళ్ల గ్లాసు ఒక చేత్తో, తలగుడ్డ జారకుండా ఇంకో చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తింది.

"మెల్లగా నడవయ్యా మనిషీ!" అని అరిచింది. వరండాలో వాళ్లంతా తిరిగి చూశారు. గ్లాసులో నీళ్లు సగం ఒలికిపోయాయి. "నిన్నే! కాస్త మెల్లగా నడువు!"