రెండో వైపు వయొలిన్లు

ఈ అట్ట మీది పిల్లకి మెడ నొప్పి పుట్టదా అసలు, అనుకుంది ఇర్మా, మఖమల్ రాత్రులు మూడో భాగం ఆల్బమ్‌లు పాతిక ఒక్కసారే రికార్డుల కొట్టు బల్ల మీద పేరుస్తూ, పాతిక అట్టల మీదా ఒకే పిల్ల, ఒకే ఎర్ర సోఫా, వెనక్కి వాల్చిన ఒకే మెడ, సగం తెరిచిన అవే పెదవులు, లోపల అరవై వయొలిన్లు పంచదార పాకంలో మునిగి తేలుతుంటాయి, మొదటి భాగం భోజనం చేస్తూ వినడానికట, రెండో భాగం ముద్దులకట, మూడోది బహుశా ముద్దులయ్యాక ఏం మాట్లాడాలో తోచని వాళ్ళకి, క్లీవ్‌లాండ్‌లో సగం ఇళ్ళు ఈ పాకంలోనే రొట్టె ముంచుకు తింటున్నాయి, వేలి ఉంగరం అట్టకి తగిలి టక్కుమంది, పెళ్ళయి ఐదు వారాలైనా ఆ చప్పుడు వింటే నవ్వొస్తుంది, మిసెస్ హోలుబ్, మిసెస్ ఇర్మా హోలుబ్, ఒక్క గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు, పచ్చదొకటి ఎర్రదొకటి, ఒకదాని మీదికొకటి ఒరిగి, పొద్దున్నే వాటిని చూసి తనలో తను నవ్వుకోవడం అలవాటైపోయింది, ఇవాళ మాత్రం నవ్వు రాలేదు, పచ్చ బ్రష్షు తడిగా ఉంది, వెస్లీ తనని లేపకుండానే వెళ్ళిపోయాడు, బూట్లు వేసుకునేటప్పుడు రోజూ వేసే ఈల కూడా వేయలేదు, వేసుంటే మెలకువ వచ్చేది కదా.

మంగళవారం కదా, పదకొండింటికి ఫోన్ వస్తుంది, న్యూయార్క్ పత్రికాఫీసు నుంచి మిస్ పార్డీ, ముక్కుతో మాట్లాడుతూ, ఈ వారం మీ కొట్లో బాగా అమ్ముడుపోయిన పది ఆల్బమ్‌లు చెప్తారా డియర్ అంటుంది, ఊళ్ళో నాలుగు కొట్లు నాలుగు నోటి మాటలు చెప్తాయి, అదే క్లీవ్‌లాండ్ పట్టిక, శుక్రవారం పేపర్లో పడుతుంది, శనివారం జనం ఆ పేపర్ ముక్క చింపి పర్సులో పెట్టుకుని వస్తారు, మూడో నంబరుది ఇవ్వండి, ఐదో నంబరుది ఇవ్వండి, పాట పేరు అడగరు, పాడినవాడి పేరు అడగరు, చెప్పుల కొట్లో సైజు చెప్పినట్టు నంబరు చెప్తారు, దీని కోసమా కాలేజీలో నాలుగేళ్ళు పియానో నేర్చుకుంది, వీళ్ళకంటే మేనేజరు ఫెల్ట్‌నర్ మరీ ఘనుడు, హవాయి గిటారు ఆల్బమ్ ఒకటి పురుగు కూడా ముట్టక అరల్లో మూలుగుతుంటే, అది మూడో నంబరని మిస్ పార్డీకి తనే చెప్పాడు, చెప్పిన సంగతి తనే మర్చిపోయాడు, శుక్రవారం పేపర్ తెరిచి కళ్ళజోడు పైకెత్తి, చూశావా పిల్లా, హవాయి గిటారు మూడో నంబరట, మనం వెనకబడిపోతున్నాం, ఇంకో నలభై తెప్పించు, అన్నాడు, తన అబద్ధాన్ని తనే కళ్ళకద్దుకున్నాడు మహానుభావుడు, ఆ నలభయ్యీ అమ్ముడయ్యాయి కూడా, అది ఇంకా ఘోరం.

అందుకే మూడు వారాల కిందట, నయాగరా నుంచి కొత్త పెళ్ళికూతురిగా తిరిగొచ్చిన మొదటి మంగళవారం, ఫెల్ట్‌నర్ పన్ను పీకించుకోవడానికి వెళ్ళి ఫోన్ తనకి అప్పగిస్తే, ఒంట్లో ఇంకా జలపాతం హోరు ఉందేమో, నవ్వాపుకుంటూ, ఏడో నంబరు ముసలావిడ పియానో అని చెప్పేసింది, ఆ బూడిదరంగు అట్ట ఆల్బమ్, సోఫా లేదు, పెదవులు లేవు, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న ముసలావిడ ఫోటో ఒక్కటే, అప్పటికి కొట్లో అమ్ముడుపోయింది ఒకే ఒక్కటి, అది కొన్నది తనే, వినండిరా గొర్రెల్లారా ఒకసారి మంచి సంగీతం, అనుకుంది, వాళ్ళు కొన్నారు కూడా, ఫెల్ట్‌నర్ పేపర్ చూసి ముప్పై తెప్పిస్తే ఇంకా నాలుగు మిగిలాయి, ఇరవై ఆరు ఇళ్ళలో ముసలావిడ, నవ్వొచ్చింది, నిన్న సాయంత్రం దాకా.

నిన్న సాయంత్రం తను క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఉడికించింది, అతనికి ఇష్టం, రెండు అడుగంటాయి, అవే తను వేసుకుంది, వెస్లీ ఒక చెయ్యి వెనక దాచుకుని లోపలికొచ్చాడు, చొక్కాకి మెషీన్ నూనె వాసన, ఆ వాసనకి కూడా తను మురిసిపోతుంది, పిచ్చి కాకపోతే, కళ్ళు మూసుకో అన్నాడు, మూసుకుంది, చేతుల్లో చదరంగా, పలచగా ఏదో పడింది, తెరిస్తే బూడిదరంగు అట్ట, ముసలావిడ, తన అరలో రెండు నెలలుగా ఉన్న అదే ఆల్బమ్, వెస్, ఇది మన దగ్గరుందిగా, అంది, తెలుసు, కానీ, అన్నాడు, తెలిసి ఇంకోటి కొన్నావా, అంది, నవ్వుతూనే అంది మొదట, ఆ నవ్వు ఎక్కడ తిరగబడిందో, పేపర్లో ఏడో నంబరని పడింది కాబట్టి కొన్నావు, అంతేగా, శనివారాలు మా కొట్టుకొచ్చే మందలో నువ్వొకడివి, అంది, అది కాదు ఇర్మా, నీ దాంట్లో వయొలిన్లు, అని అతనేదో మొదలుపెడితే, వయొలిన్లా, దాంట్లో వయొలిన్లు ఎక్కణ్ణుంచొచ్చాయి నాయనా, అది పియానో, నల్లగా పెద్దగా మూడు కాళ్ళతో ఉంటుందే అది, పియానోకీ వయొలిన్‌కీ తేడా తెలియని మనిషిని చేసుకున్నానా, అంది, అతను ఫోర్కు కింద పెట్టాడు, పెట్టి, పళ్ళెంలో ఇంకా సగం ఉండగానే లేచి, తన పళ్ళెం తనే కడిగి, పంపు కారుతోంది, వాషర్ మార్చాలి, అన్నాడు, అంతే, కోప్పడి ఉంటే బాగుండేది, పంపు కారుతోందట.

మరి తప్పేముంది తను అన్నదాంట్లో, పొద్దున్నించీ ఇదే ప్రశ్న, తప్పు లేదు, కానీ ఆ మాట అంటున్నప్పుడు లోపల ఏదో చల్లబడింది, పేపర్ ముక్కతో కొట్టుకొచ్చే మిసెస్ జెలెన్‌ని చూసినప్పుడూ ఫెల్ట్‌నర్‌ని చూసినప్పుడూ మూతి ఎలా వంకర తిరుగుతుందో అలాగే తిరిగింది, అది తనకి తెలిసింది, అతనికీ కనపడింది, ఇంకో నలభై ఏళ్ళు ఆ మూతితో ఎదురుగా కూర్చుని భోంచేయాలా, బేరింగుల ఫ్యాక్టరీలో రోజంతా బేరింగులు ఒక్కొక్కటే తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, పాడైనవి ఒక డబ్బాలో బాగున్నవి ఒక డబ్బాలో వేస్తాడు, అది ఉద్యోగం, ఆ గరగర వినీ వినీ చెవులు మొద్దుబారి ఉంటాయి పాపం, పాపం అనుకోవడం కోపం కంటే హీనం, మొగుడి మీద జాలిపడటానికి ఐదు వారాలు చాలా తొందర.

అమ్మాయ్, నిన్నే, ఏమిటా పరధ్యానం, కొత్త మొగుడు నిద్రపోనివ్వడం లేదా, అంటోంది ఎదురుగా మిసెస్ జెలెన్, నీలం టోపీ, చంకలో బూడిదరంగు అట్ట, వచ్చిందండీ పర్సులో పేపర్ ముక్క మహారాణి, ఇది నాకొద్దమ్మా, మార్చివ్వు, అంది, ఏం, గీతలు పడ్డాయాండీ, గీతలేం లేవు, మొదటి వైపు ఎవరో మెట్ల మీంచి చెంచాలు జారవిడుస్తున్నట్టుంది, మా ఆయన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు ఏం పగిలిందని, రెండో వైపు మాత్రం ప్రాణానికి హాయిగా ఉందే తల్లీ, రెండుసార్లు పెట్టుకున్నా, రెండు వైపులా ఆ రెండో వైపులాగే ఉండేది ఉంటే ఇవ్వు, అంది, రెండు వైపులా ఒకే మనిషి, ఒకే పియానో అండీ, అంది ఇర్మా, కాలేజీ గొంతుతో, మీకు అలవాటు లేక అలా అనిపించి ఉంటుంది, అంది, మిసెస్ జెలెన్ టోపీ సర్దుకుని, అలవాటు సంగతి సరే, నువ్వు వినే మాట్లాడుతున్నావా, అంది.

వినే మాట్లాడుతున్నావా అట, నేను, నన్ను, ఇర్మా రికార్డు లాక్కుని గాజు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది, జనం కొనేముందు విని చూసుకునే గది, పోయిన శనివారం ఎవరో పిల్లలు తిన్న డోనట్ పంచదార ఇంకా అంచు మీదుంది, మొదటి వైపు పెట్టింది, ఇదిగో, ఇది, ఈ మొదటి ముక్క, ప్రొఫెసర్ గారు మూడో ఏడాది క్లాసులో కర్టెన్లు వేసి వినిపించింది ఇదే, అప్పుడు క్లాసంతా ఊపిరి బిగబట్టింది, ప్రొఫెసర్ గారు కళ్ళు మూసుకున్నారని తనూ మూసుకుంది, ఇంట్లో కూడా ఇదే, ఈ ఒక్క ముక్కే, అయిపోగానే ముల్లు లేపి మళ్ళీ మొదటికి, చాలు, దీనికి చెంచాలట, గాజు అవతల మిసెస్ జెలెన్ చేత్తో తిప్పు తిప్పు అని సైగ చేస్తోంది, సరే, తిప్పింది, లేబుల్ మీద ముసలావిడ పేరే ఉంది, ముల్లు దించింది.

వయొలిన్లు.

అరవై వయొలిన్లు, పాకం, తీగలు తీగలుగా సాగుతున్న పాకం, మఖమల్ రాత్రులు మూడో భాగం, ముద్దుల తర్వాతది, తప్పు రికార్డు పెట్టానా, కాదు, లేబుల్ అదే, బయటికి పరిగెత్తి మిగిలిన నాలుగింట్లో ఒకదాని కవరు చింపి తెచ్చింది, దాని రెండో వైపూ వయొలిన్లే, ఎక్కడో ఫ్యాక్టరీలో ఎవడో అచ్చు మార్చి పెట్టాడు, మొత్తం అన్నిటికీ ఇదే గతి, అన్నిటికీ, నీ దాంట్లో వయొలిన్లు, తన దాంట్లో, తన అరలో ఉన్నదాంట్లో కూడా, గురువారాలు కొట్టు రాత్రి దాకా తెరిచి ఉంటుంది, తను వచ్చేసరికి అతను రేడియో కూడా పెట్టుకోకుండా ఒక్కడే కూర్చుని ఉండేవాడు, ఏం చేశావు ఇంతసేపూ అంటే, ఏం లేదు, నీవి విన్నాను, అనేవాడు, తను దుస్తులు మార్చుకుంటూ ఊ అనేది, విన్నాడు, పెళ్ళానికి ఏది ఇష్టమో తెలుసుకుందామని మొదటి వైపు విన్నాడు, తిప్పి రెండో వైపు విన్నాడు, బేరింగు చెవి దగ్గర పెట్టుకున్నట్టు విన్నాడు, ఇది ఈ రికార్డుది కాదే అనుకున్నాడు, పాడైనవి ఒక డబ్బా బాగున్నవి ఒక డబ్బా, పాపం ఇర్మాకి పాడైంది అంటగట్టారు అనుకున్నాడు, ఎవరికీ చెప్పకుండా పని నుంచి వస్తూ వేరే కొట్టుకి వెళ్ళి, బాగున్నది ఒకటి తెద్దామని.

పాతిక ఇళ్ళు, అనుకుంది, మిసెస్ జెలెన్ ఇల్లు తీసేస్తే పాతిక, ఒక్కరూ వెనక్కి తేలేదు, తిప్పి ఉండరు, ఏడో నంబరు అల్మరాలో ఉంటే చాలు వాళ్ళకి, తనకి మాత్రం ఇంకేం కావలసి వచ్చింది, శుక్రవారం పేపర్‌కి బదులు ప్రొఫెసర్ గారి మూసిన కళ్ళు, అంతే తేడా, రెండు నెలలు తనూ తిప్పలేదు, గాజులో ఎవరిదో మొహం, మూతి వంకర తిరిగి, తనదే, గాజు మీద ఫెల్ట్‌నర్ వేలి ఉంగరంతో టకటక కొడుతున్నాడు, చెవి దగ్గర బొటనవేలు, నోటి దగ్గర చిటికెన వేలు, న్యూయార్క్, పిల్లా, న్యూయార్క్, మిస్ పార్డీ లైన్లో ఉంది, ఉండండి అని చెయ్యెత్తింది ఇర్మా, ముల్లు లేపలేదు, వైపు ఇంకా అయిపోలేదు, నిన్న పళ్ళెం ముందు సగంలో తెగిపోయిన మాట ఈ వయొలిన్ల మీదుగా ఇప్పుడు చివరిదాకా వినిపిస్తోంది, నీ దాంట్లో వయొలిన్లు పడ్డాయి ఇర్మా, అందుకే మంచిది తెచ్చాను, ఈ క్లీవ్‌లాండ్ మొత్తం మీద ఈ రికార్డుని రెండు వైపులా విన్నది ఇద్దరే ఇద్దరు, ఒకరు నీలం టోపీ పెట్టుకుని బయట నిలబడి ఉన్నారు, రెండోవాణ్ణి తను పియానోకి ఎన్ని కాళ్ళుంటాయో చెప్పి భోజనం మీంచి లేపేసింది.