మా పక్క పాడేవాళ్లు

శ్రీ సిటీలో మా హాస్టల్ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు ప్రేక్షకులు లేరని కాదు. ఆదివారం మధ్యాహ్నం వందమంది దాకా వస్తారు. వచ్చి గోడ వారగా కూర్చుని, చెనక్కాయలు ఒలుచుకుంటూ, చావింటికి పరామర్శకు వచ్చినట్టు మౌనంగా చూసి వెళ్తారు. గోల్ పడితే ఎవరు కొట్టారని పక్కవాళ్లను నెమ్మదిగా అడుగుతారు. నాకు ఒళ్లు మండేది. డిఫెన్స్‌లో ఆడేది నేను. ఆ నిశ్శబ్దంలో నా ఆయాసం నాకే వినిపించేది.

పెద్ద ఊళ్లలో జట్టుకొక పాటల గుంపు ఉంటుందని, ఆట సాగినంతసేపూ నిలబడి పాడతారని మా ఫార్వర్డ్ లోహిత ఫోన్‌లో వీడియోలు చూపించింది. పాడేవాళ్లను ఎక్కణ్నుంచి తేవాలని అందరూ తలలు పట్టుకుంటే, నేను సత్యవేడుకు ఫోన్ చేశాను. మా నాయన మునిరామయ్య చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, అడుగులేస్తూ పాడే ఆయన బృందం, ఆయనతో కలిపి పన్నెండుమంది. ఊళ్లలోకి పెద్ద పెద్ద సౌండు బాక్సులు దిగాక రెండేళ్లుగా వాళ్లను ఎవరూ తాంబూలమిచ్చి పిలవలేదు. ఈ ఉగాదికీ పిలుపు రాకపోతే చెక్కలు అటకెక్కించేద్దామని అనుకుంటున్నారట. ఆదివారం వచ్చి మా పక్క పాడమన్నాను. ఎంతసేపని అడిగాడు. ముప్పై అయిదు నిమిషాలు రెండుసార్లు, మధ్యలో పది నిమిషాల విరామం అని చెప్పాను.

పన్నెండుమందీ పంచెలు కట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి రెండు ఆటోల్లో దిగారు. ఆట తడ హాస్టల్ జట్టుతో. రెఫరీ ఈల వేయగానే మావాళ్లు వినాయకుడి ప్రార్థన మొదలుపెట్టారు. అది ఆరు చరణాలు. మూడో చరణం నడుస్తుండగా తడ వాళ్ల బంతి మా గోల్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. అది చాలించి మా జట్టును ఉత్సాహపరచమని నేను చేతులూపితే, దేవుడి పాట మధ్యలో ఆపుతారా అన్నట్టు నాయన కళ్లతోనే కసిరాడు.

తర్వాత అసలు పాట. భజన చేయించినవాళ్ల పేర్లు చరణాల్లో కలిపి పాడటం వాళ్లకు అలవాటు. నాయన మా జట్టు పేర్లు కలిపాడు. తన పేరు వినేసరికి లోహిత రెచ్చిపోయి గోల్ కొట్టింది. గోడ వారగా కూర్చున్న జనం లేచారు. చెనక్కాయలు పక్కన పెట్టి చప్పట్లతో తాళం వేశారు. ఆ మైదానంలో అంత సందడి నేనెప్పుడూ వినలేదు. అంతలో పాటలో స్రవంతి అని నా పేరు వచ్చింది. నాయన నోట పాటలో నా పేరు రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నేను బంతిని వదిలేసి అటు తిరిగాను. తడ పిల్ల నా పక్కనుంచే వెళ్లి గోల్ కొట్టింది. మా జట్టు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఒకటికి ఒకటి మీదే డెబ్బై నిమిషాలూ గడిచాయి. దెబ్బలు తగిలి ఆట ఆగిన సమయాన్ని చివర్లో కలుపుతారని నాయనకు నేను చెప్పలేదు. నాకు తట్టలేదు. రెఫరీ ఇంకో మూడు నిమిషాలని వేళ్లు చూపిస్తుండగా, నాయన గడియారం చూసుకుని మంగళం ఎత్తుకున్నాడు.

మా వైపు మంగళం వినబడితే భజన ముగిసిందని అర్థం. అందరూ లేచి నిలబడి చేతులు జోడిస్తారు. అది ఆలోచించి చేసే పని కాదు. జనమంతా జోడించారు. నేనూ జోడించాను. రెఫరీ ఈల పళ్ల మధ్య పట్టుకుని మరీ జోడించాడు. తడ గోల్‌కీపర్ మోహన గ్లౌజులు తీసి చంకలో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. లోహితకు మాత్రం కాళ్ల దగ్గర బంతి ఉంటే లోకం కనబడదు, వినబడదు. నింపాదిగా వెళ్లి గోల్ వేసింది.

ఇక గొడవ. మంగళం పాడాక ఆట ఏమిటని తడ వాళ్లు. ఈల పడలేదుగా అని మేము. రెఫరీ రూల్సు పుస్తకం ఆ చివర నుంచి ఈ చివరకు తిరగేశాడు. మంగళం సంగతి అందులో లేదు. గోల్ చెల్లుతుందన్నాడు. మేము ఎగిరి గంతులేశాం.

నాయన ముఖం మాత్రం మాడిపోయింది. ఇక ఈ జన్మలో తమను ఎవరూ పిలవరనుకుని మిగతావాళ్లు చెక్కలు సంచుల్లో సర్దేస్తున్నారు. ఆయన నేరుగా మోహన దగ్గరికి నడిచాడు.

"తప్పు నాదేమ్మా. ఇంకా ఆట ఉండాదని నాకు తెలీదు. నా మంగళంతో నిన్ను ఓడగొట్టినాను."

మోహన గేటు వైపు పరుగెత్తింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. గేటు పక్క కొట్లోంచి తమలపాకులు, వక్కలు, రెండు అరటిపండ్లు తెచ్చింది. బూట్లు విప్పి, ఆ తాంబూలాన్ని రెండు చేతులా నాయన ముందు పట్టుకుని నిలబడింది.

"మా తాత గూడా భజన గురువే పెద్దాయనా. వచ్చే నెల మళ్లీ వీళ్లతోనే మాకు ఆట ఉండాది. మీరు మా పక్క పాడాల."

 నాయన అంతమంది ముందు కండువాతో కళ్లు తుడుచుకుని తాంబూలం అందుకున్నాడు. ఆయన వెనక పదకొండుమందీ సర్దడం ఆపేశారు.

 కన్నకూతురి జట్టుకు ఎదురు నిలబడి పాడతావా అని ఆటో దాకా పోట్లాడుతూనే వెళ్లాను. ఆయన ఆకులు నలగకుండా కండువా అంచున ముడేసుకుంటూ, చాలా శాంతంగా అన్నాడు.

"నువ్వు ఫోన్ చేసినావు. ఆ బిడ్డ పిలిచింది."