గట్టిగా తోమండి

లింగంపల్లి స్టేషనుకు ఎదురు సందులో, మందుల షాపు పైన డాక్టరు కృపానందంగారి పళ్ళ ఆసుపత్రి ఉండేది. ఒక కుర్చీ, ఒక డాక్టరు, ఒక సిస్టరు. ఆ సిస్టరు పేరు రూతమ్మ. గుంటూరులో తను కొలువులో చేరిన నాటినుంచి పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆయన పక్కనే నిలబడి పనిచేస్తోంది. ఆయన హైదరాబాదు వచ్చేస్తుంటే తానూ సామాను సర్దుకుని వచ్చేసింది.

ఆయన చెయ్యి తొందరపడగా రూతమ్మ ఎన్నడూ చూడలేదు. పన్ను పీకేటప్పుడు కూడా ఆ చెయ్యి బతిమాలుతున్నట్టే ఉండేది. మూడేళ్ళ కిందట పంటి రంగులో కలిసిపోయే తెల్ల సిమెంటు కొత్తగా వచ్చినప్పుడు ఆయన దాన్ని వెంటనే ఎవరి నోట్లోనూ పెట్టలేదు. పీకిన పళ్ళు రెండు డజన్లు ముందు పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ చెక్కి, సిమెంటు నింపి, నీలం లైటు వేసి గట్టిపరిచి, భూతద్దంతో చూసుకుని, బాగాలేనివి పారేసి మళ్ళీ చేశారు. యాభై నాలుగేళ్ళ మనిషి పలక మీద అక్షరాలు దిద్దుకున్నట్టు నేర్చుకున్నాడే అని రూతమ్మ ఆ రాత్రి మెర్సీకి, అంటే తన కూతురికి, కథలా చెప్పింది.

అలాంటి మనిషి ఇప్పుడు ఆసుపత్రి వదిలేస్తానంటున్నారు.

కారణం ఆ తెల్ల సిమెంటే. చిగురుకు ఆనుకుని పంటి మెడ దగ్గర ఆయన నింపినవి ఏడాది తిరక్కుండానే అరిగిపోతున్నాయి. చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందని మాదాపూర్ కంప్యూటరు ఆఫీసుల కుర్రాళ్ళు వస్తున్నారు, రైల్వేవాళ్ళు వస్తున్నారు. పళ్ళు ఎలా తోముతున్నారని ఆయన ప్రతివాళ్ళనీ అడిగేవారు. ‘సిస్టరమ్మ చెప్పినట్టే’ అని వాళ్ళనేవారు. సిస్టరమ్మ చెప్పిందంటే ఆయనకు ఇంకో మాట అక్కర్లేదు. తప్పు బ్రష్షుది కాకపోతే తన చేతిదే అనుకున్నారు. ఎనిమిదో మనిషి తిరిగొచ్చిన రోజున చేతులు కడుక్కుంటూ, వేళ్ళు వెలుతురులో పెట్టి చూసుకుని, “చెయ్యి పోయినట్టుందమ్మా” అన్నారు. చెల్లెలి కొడుకు కిరణ్ పాల్‌కు డిసెంబరు మొదటి తారీకున కుర్చీ అప్పగిస్తానని ఫోన్లో మాట కూడా ఇచ్చేశారు.

ఇంకా అయిదు వారాలుంది. రూతమ్మకు అన్నం సయించలేదు. ఆ చేతిలో వణుకు లేదని ఆవిడకు తెలుసు. తెలుసని చెబితే సరిపోతుందా?

యాదమ్మ వచ్చింది ఆ వారంలోనే. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి మేడకు దగ్గర్లో ఒక ఆఫీసు క్యాంటీనులో గిన్నెలు కడుగుతుంది. ఆరు నెలల కిందట పెట్టిన సిమెంటు సగం లేదు. డాక్టరుగారు ఇంకా భోజనంనుంచి రాలేదు. కూర్చోబెట్టి మాట్లాడుతూ, ఊరికే కాలక్షేపానికన్నట్టు రూతమ్మ ఆవిడ చేతికి కొత్త బ్రష్షిచ్చి, ఎలా తోముతావో ఒకసారి చేసి చూపించమంది.

యాదమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, బేసిను ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. బ్రష్షు పిడికిట్లో బిగించి అటూ ఇటూ అడ్డంగా లాగుతుంటే భుజంనుంచి చెయ్యంతా ఊగింది. వెంట్రుకలు రెండు వైపులా విచ్చుకుపోయాయి.

“అంత గట్టిగానా?” అంది రూతమ్మ.

యాదమ్మ నోరు పుక్కిలించి, వింతగా చూసింది. “నువ్వే జెప్తివి గద సిస్టరమ్మా, అడుగంటిన గిన్నె తోమినట్టు తోమమని. నాకు గిన్నెల సంగతి ఒకలు జెప్పాల్నా? ఎర్ర పళ్ళపొడి వెట్టి మూడు పూటల తోముతున్న.”

రూతమ్మ విచ్చుకుపోయిన బ్రష్షు అందుకుని తిప్పి చూసింది.

నిజమే, ఆవిడే చెప్పింది. శుభ్రంగా తోముకోమని చెప్పి పంపమన్నంత వరకే డాక్టరుగారి మాట. ఆయన లోపల తర్వాతి మనిషి నోట్లోకి వంగి ఉండగా, గుమ్మం దగ్గర నిలబడి మిగతాది కలిపింది తను. అడుగంటిన గిన్నె తోమినట్టు గట్టిగా తోమండి అంటే అందరూ నవ్వేవారు, బాగా గుర్తుపెట్టుకునేవారు. ఆ మాట మీద ఆవిడకు కాస్త గర్వం కూడా ఉండేది. మనకు గిన్నెలకీ పళ్ళకీ ఒకటే తోమడమాయె, అందులో తప్పేముందని ఎన్నడూ తోచలేదు.

వెంటనే చెప్పేయాల్సింది. కానీ చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అదీగాక, ఊరికే చెబితే తనను ఓదార్చడానికి నేరం నెత్తినేసుకుంటోందని డాక్టరుగారు అనుకుంటారు. రూతమ్మకు ఆయన స్వభావం తెలుసు. కంటితో చూస్తే తప్ప ఆయన దేన్నీ నమ్మరు.

ఆయన నేర్చుకోవడానికి నింపిన పళ్ళు అలమరలో సీసాలో అలాగే ఉన్నాయి. రూతమ్మ నాలుగు ఏరి, అచ్చులు తీసే సుద్దను కలిపి రెండు దిమ్మల్లో చెరి రెండు పాతింది. మధ్యాహ్నం ఒంటిగంటనుంచి నాలుగు వరకు ఆసుపత్రికి సెలవు. ఆ వేళ ఒక దిమ్మను గట్టి బ్రష్షుతో, ఎర్ర పొడితో, యాదమ్మ తోమినట్టే తోమింది. రెండోదాన్ని మెత్తని బ్రష్షుతో, పేస్టుతో, చంటిబిడ్డ చిగుళ్ళు తుడిచినంత మెల్లగా తోమింది. వంద తోములకొక చింతగింజ పక్కన పెట్టింది. రోజుకు వెయ్యి దీనికి, వెయ్యి దానికి. మణికట్టు వాచింది. మెర్సీ అడిగితే తలుపు తగిలిందని అబద్ధమాడింది.

పదమూడో రోజున రెండు దిమ్మలూ డాక్టరుగారి బల్ల మీద పెట్టి, పక్కన భూతద్దం పెట్టి, జరిగిందంతా చెప్పింది. గిన్నె మాట కూడా దాచలేదు.

ఆయన కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. మొదటి దిమ్మలో సిమెంటు మెరుపు చచ్చి గరుకుబారింది, అంచు దగ్గర సన్నగా గాడి పడింది. సిమెంటు కింద పంటి వేరు కూడా ఒరుసుకుపోయింది. సూదిమొన పెట్టి లాగితే ఆ గాడిలో ఆగింది. రెండో దిమ్మ మీద సూది ఎక్కడా ఆగలేదు. పన్నెక్కడ అయిపోయి సిమెంటెక్కడ మొదలైందో తెలియకుండా జారిపోయింది. ఆయన మళ్ళీ లాగారు. మళ్ళీ జారింది.

“ఎన్ని?” అన్నారు.

“పన్నెండు వేలండి. దానికీ, దీనికీ.” కొంచెం ఆగి, “మీ చేతికేం కాలేదండి. మానేయాల్సింది నేను” అంది రూతమ్మ.

ఆయన దిమ్మ కింద పెట్టి కళ్ళజోడు తీశారు. “అందరినీ అడిగాను గానీ ఒక్కరినైనా చేసి చూపించమన్నానా? మీరన్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నాకు తట్టలేదు చూడండి.” ఆవిడ వాచిన మణికట్టు అప్పుడు చూశారు. “ముందు దానికి కట్టు కట్టించుకోండి.”

ఆ సాయంత్రం కిరణ్ పాల్‌కు ఫోన్ చేసి, నాయనా వేరే చోటు చూసుకో, ఇక్కడ నేను మళ్ళీ చేయాల్సిన పని చాలా ఉంది అని చెప్పారు. రూతమ్మ పాత రిజిస్టరు తీసి, తెల్ల సిమెంటు పెట్టించుకున్నవాళ్ళందరికీ కార్డులు రాసింది. తప్పుగా చెప్పింది తనే అని ప్రతి కార్డులోనూ రాసింది. ఆ ముక్క తీసేయమని డాక్టరుగారన్నా వినలేదు.

మొదట పిలిచింది యాదమ్మనే. పని అయ్యాక రూతమ్మ ఆవిడ పిడికిలి విప్పి, బ్రష్షును పెన్సిలులా మూడు వేళ్ళతో పట్టించి, చెయ్యి మీద చెయ్యి వేసి చిగురు దగ్గర చిన్న చిన్న చుట్లు తిప్పించింది.

“గింత మెల్లగనా?” అంది యాదమ్మ నురగలోంచి. “నేను జర అలవాటు పడ్డననుకో, గిన్నెలు గూడ గిట్లనే తోముతా. మా మేస్త్రి పనిలకెల్లి తీసేస్తడు.”

“గిన్నెలు నీ ఇష్టం వచ్చినట్టు తోముకో తల్లీ. ఇది మాత్రం తోమడం కాదు. తుడవడం అనుకో.”

“తుడుసుడు,” అని యాదమ్మ మాట సరిచూసుకుంది. “గట్ల జెప్పు మరి.”

బయట బెంచీ మీద ఇంకా నలుగురున్నారు. డాక్టరుగారు తర్వాతి మనిషిని పిలవలేదు. చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరకు వచ్చి, రూతమ్మ ఏం చెబుతోందో చివరిదాకా నిలబడి విన్నారు.