రెండో మనిషి మాట

దసరా సెలవులకు ముందు నిరోషా టీచర్ తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళను వాళ్ళ చిన్ననాటి స్నేహం గురించి అడగాలి. అంతటితో ఆపకుండా ఆ స్నేహితులనూ వెతికి పట్టుకొని అవే ప్రశ్నలు అడగాలి.

"ఒక్కరిని అడిగి రాస్తే అది వాళ్ళు చెప్పిన కథ. రెండో మనిషిని కూడా అడిగితేనే పరిశోధన," అంది టీచర్. "ఇద్దరి మాటలు కలవకపోతే కలవలేదనే రాయండి. మీరు సరిచేయొద్దు."

మల్లికకు ఎవరిని అడగాలా అన్న ఆలోచనే రాలేదు. యాలాల్ దగ్గరి వాళ్ళ ఊళ్ళో, గొర్రెల దొడ్డి ముందు కూర్చున్న నాయనమ్మ హన్మమ్మ పక్కన చేరింది.

"అవ్వా, చిన్నప్పుడు నీకు మస్తు ఇష్టమైన దోస్తు ఎవరు?"

"ఇంకెవలే, ఇంద్ర. పటేలింటి ఇంద్ర."

ఆ ఊరి పటేలు కూతురు ఇంద్రమ్మ. ఇద్దరిదీ ఒకే ఈడు. హన్మమ్మ తల్లి పటేలింట్లో పశువుల కొట్టం ఊడ్చేది. తల్లి వెంట వెళ్ళిన హన్మమ్మ పొద్దంతా ఇంద్రమ్మతోనే ఉండేది. ఇంద్రమ్మకు అమ్మవారు పోసినప్పుడు ఇంట్లోవాళ్ళే దగ్గరికి రావడానికి జంకారు. హన్మమ్మ వేపమండతో విసురుతూ ఆమె పక్కనే పడుకుంది.

"తర్వాత నాకు గూడ పోసింది. గీ మచ్చలు గవే," అని నవ్వుతూ చెంపలు చూపించింది. "అయితే ఏంది, అది బతికింది గదా."

ఇంద్రమ్మ బాగా చదువుకొని ఇంగ్లీషు టీచరై, రిటైరై వికారాబాదులో ఇల్లు కట్టుకుంది. ఆమె పెళ్ళయ్యాక ఇద్దరూ కలుసుకోలేదు. తాండూరులో నాపరాళ్ళ పాలిష్ మిల్లు నడిపే ఆమె మేనల్లుడు సుశాంత్‌ను అడిగి మల్లిక నంబరు సంపాదించింది. ఫోన్ చేస్తే ఇంద్రమ్మ ఎంతో సంతోషపడింది. ఆదివారం రమ్మంది.

"నేను గూడ వస్త," అంది హన్మమ్మ. పెట్టెలోంచి మంచి చీర తీసింది. తాండూరు స్టేషనులో రైలెక్కింది మొదలు, తనను ఇంద్ర గుర్తుపడుతుందో లేదోనని అదే మాట. ఆ ఫికరంతా అక్కరలేకపోయింది. గేటు తీస్తూనే ఇంద్రమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"హన్మీ, గింత ముసలిదానివైనవేమే?"

"నువ్వు పడుచుదానివా మరి?" అంది హన్మమ్మ. ఇద్దరూ నవ్వారు. ఇంద్రమ్మ ఆమెను సోఫాలో తన పక్కనే కూర్చోబెట్టుకొని తానే చాయ్ పెట్టి తెచ్చింది.

మల్లిక పుస్తకం తెరిచింది. "ఇంగ్లీషు హోంవర్క్ కదా, ఇంగ్లీషులోనే అడుగు. తప్పులుంటే నేను దిద్దుతా," అంది ఇంద్రమ్మ. అక్కడినుంచి వాళ్ళిద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. తనకు ఇంగ్లీషు రాకపోయినా, మనుమరాలు తడబడకుండా అడుగుతుంటే హన్మమ్మ ముఖం వెలిగిపోయింది.

నాయనమ్మ మీ బెస్ట్ ఫ్రెండేనా అన్నది మల్లిక మొదటి ప్రశ్న.

ఇంద్రమ్మ కాస్త ఆలోచించింది. అలా రాయకు, అది సరైన మాట కాదు అంది. ఫ్రెండ్స్ నాకు హాస్టల్లో దొరికారు. హన్మి మంచిది, నమ్మకమైనది, మా సర్వెంట్ కూతురు. నన్ను ఆడించడానికి ఉండేది. సర్వెంట్ అనే మాటకు స్పెల్లింగ్ కూడా చెప్పింది.

మల్లిక రాయడం ఆపింది. మీకు అమ్మవారు పోసినప్పుడు ఆమే కదా మీ దగ్గరున్నది అని అడిగింది.

అవునవును, పాపం అంది ఇంద్రమ్మ. అందుకు మా అమ్మ వాళ్ళమ్మకు ఒక బస్తా జొన్నలిచ్చింది. ఊరికే ఎవరుంటారు, అంటురోగం కదా.

ఆ మాటల్లో కోపం లేదు, చులకన లేదు. పాఠం చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. చెబుతూనే హన్మమ్మ భుజం మీద చెయ్యి వేసింది. హన్మమ్మ ఆ చేతిని పట్టుకొని కూర్చుంది. కాసేపటికి మెల్లగా వదిలింది.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీట్లు దొరికాయి. రైలు కదిలాక హన్మమ్మ అడిగింది.

"ఏం జెప్పిందే ఇంద్ర?"

"నువ్వే ఆమెకు పానం లెక్క అన్నది అవ్వా."

హన్మమ్మ కిటికీ వైపు తిరిగింది. బయట కందిచేలు వెనక్కి పోతున్నాయి.

"సర్వెంట్ అంటే నాకు తెలుసు బిడ్డా," అంది. "మీ తాత పట్నంల వాచ్‌మెన్ పని చేసినప్పుడు, మేము ఎక్కే లిఫ్టు మీద గదే మాట రాసి ఉన్నదని జెప్పిండ్రు."

మల్లికకు ఏడుపు ఆగలేదు. ఓదార్చాల్సింది తాను. కానీ హన్మమ్మే ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది.

"అబద్ధం జెప్పలే ఆమె. మా అమ్మ ఆళ్ళింట్ల పనిచేసింది నిజమే గదా. నేనే దోస్తునని అనుకున్న ఇన్నేండ్లు." మల్లిక తల నిమురుతూ, "ఇంకేమన్నదే?" అని అడిగింది.

"ఇంకేం అనలే," అంది మల్లిక. జొన్నల సంగతి ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

ప్రాజెక్టులో మాత్రం ఇద్దరూ చెప్పింది చెప్పినట్టే రాసింది, జొన్నల బస్తాతో సహా. రెండు మాటలూ కలవలేదని కింద రాసింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. పరిశోధన అంటే ఇలా ఉండాలని నిరోషా టీచర్ మెచ్చుకుంటుంటే మల్లిక తలెత్తలేదు.

ఆ సాయంత్రమే ఇంద్రమ్మ ఫోన్ చేసింది. ముందు హన్మికి ఇవ్వమంది. మల్లిక స్పీకర్ నొక్కి నాయనమ్మ చేతికిచ్చింది.

"ఏం హన్మీ, మంచిగున్నవా?"

"మీ దయతోని మంచిగున్న దొరసానీ," అంది హన్మమ్మ.

మల్లిక ఉలిక్కిపడి చూసింది. అవతల ఇంద్రమ్మకు అందులో తేడా ఏమీ వినిపించినట్టు లేదు. మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతూ పోయింది. హన్మమ్మ ప్రతిదానికీ "అవునమ్మా, అట్లనే అమ్మా" అంటూ నిలబడే వింది. తర్వాత ఫోను మల్లిక చేతికిచ్చింది.

"మార్కులెన్నొచ్చినయో అడుగుతున్నది. జెప్పు."

మల్లిక చెప్పింది. వెరీ గుడ్, మళ్ళీ ఏ డౌటున్నా రా, మీ నాయనమ్మను కూడా తీసుకురా అంది ఇంద్రమ్మ. సరేనండి అని మల్లిక తలెత్తి చూసేసరికి హన్మమ్మ అక్కడ లేదు. దొడ్డి తడిక దగ్గరికి వేసుకొని, గొర్రెల మధ్య అటు తిరిగి నిలబడి ఉంది.