నిద్రగదిలో ఎవరున్నారు?

కోరలీకి అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే: తను ఇంకోవైపు చూస్తున్నప్పుడు కొడుకు నిద్రలోనే ఊపిరి ఆపేస్తాడేమోనని.

కొడుకు పేరు తిమెయో. ఎనిమిదో నెల. వాడికి ఏ జబ్బూ లేదు. ఆ మాట డాక్టరు చెప్పాడు, ఇంటికొచ్చి చూసిపోయే నర్సమ్మ చెప్పింది. వాళ్ళ నాయనమ్మయితే వీణ్ణి చూస్తే రోడ్డు రోలరు గుర్తొస్తోందని కూడా అంది. కోరలీ అందరి మాటా వినేది. విని, వాడు పడుకున్న ప్రతిసారీ ముక్కు కింద వేలు పెట్టి చూసేది. వేలికి వెచ్చగా తగిలేది. తగిలింది వాడి ఊపిరేనా, తన వేలి వేడేనా అని అనుమానమొచ్చి మళ్ళీ పెట్టేది.

ఆమె చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకాగిందని ఎవరైనా అడిగితే ‘వానలు’ అనేది. బెల్జియంలోని వెర్వియే ఊళ్ళో ఏ ప్రశ్నకైనా ఆ జవాబు చెల్లుతుంది. కొన్నాళ్ళు బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు పెట్టింది. ఆ తర్వాత పాత ఉన్ని మిల్లులో పెట్టిన క్రెష్‌లో ఆయాగా చేరింది. తిమెయో పుట్టాక వాణ్ణీ అక్కడే వేసింది. బిడ్డ కళ్ళముందే ఉంటాడనుకుంది.

ఉండలేదు. క్రెష్‌లో ఒక పద్ధతి ఉంది. అక్కడ పనిచేసే తల్లిని ఆమె బిడ్డ ఉన్న గదిలో వేయరు. “తల్లి తన బిడ్డనే చూస్తుంది. పక్క బిడ్డ కనపడదు,” అని మొదటిరోజే చెప్పింది డైరెక్టరు మదాం పీరార్. కోపంగా కాదు, వాన పడుతోందన్నట్టు చెప్పింది. కాబట్టి కోరలీ నడిచే పిల్లల గదిలో, తిమెయో వసారా చివర చంటిపిల్లల గదిలో. అక్కడ వాడికి దిక్కు జోసియాన్. పెన్షనుకు దగ్గరపడిన మనిషి, నోరు మాత్రం ఇంకా ఉద్యోగంలో కొత్తగా చేరినదానిలా పనిచేసేది.

ఆ దూరాన్ని కోరలీ ఓర్చుకోగలిగిందంటే యంత్రం పుణ్యమే. చంటిపిల్లల ప్రతి మంచం పైనా బొత్తామంత కెమెరా కన్ను ఉండేది. పిల్లల ఛాతీ లేస్తోందా, దిగుతోందా అని అది చూసేది. వసారాలో గోడకున్న తెర మీద ఒక్కో బిడ్డకు ఒక్కో పచ్చచుక్క. ఏదైనా తేడా వస్తే చుక్క ఎర్రగా మారుతుంది. కోరలీ నీళ్ళకని వెళ్ళినా, తుడుపుగుడ్డకని వెళ్ళినా తెర ముందునుంచే వెళ్ళేది. నడిచే పిల్లల గదిలో నేల ఊరంతట్లోకీ శుభ్రంగా ఉండడానికి కారణం అదే.

ఆ యంత్రానికి ఇంకో గుణం కూడా ఉంది. పిల్లల ముఖం చూసి సంతోషమో దిగులో చెప్పి, చుక్క పక్కన చిన్న మూతి గీసేది.

“మీ వాడికి దిగులుగా ఉందట,” అంది జోసియాన్ ఒకరోజు తెర చూసి. “దిగులు కాదు, పిల్లా. లాగులో పని కానిస్తున్నాడు. పెద్దపెద్ద చదువులు చదివిన యంత్రం, వాసన మాత్రం తెలీదు.”

యంత్రం రాకముందు అక్కడ ఒక బాతు ఉండేది. చెక్కబాతు, తాడుకు కట్టినది. పిల్లలు పడుకున్నప్పుడు దాన్ని ఎవరు మెడలో వేసుకుంటే వాళ్ళు నిద్రగదిలో కూర్చోవాలి, ఎవరు పిలిచినా కదలకూడదు. యంత్రం వచ్చాక బాతును తీసేయమని ఎవరూ అనలేదు. అదే మెల్లగా మేకుకు అలవాటుపడింది.

అలా ఉండగా మదాం పీరార్ ఏదో శిక్షణకు వెళ్ళొచ్చింది. ఆమె చదువుకున్న మనిషి, మంచి మనిషి. చట్టమంటే ఆమెకు భయం లేదు, గౌరవం ఉంది. భయం కంటే గౌరవం ఎక్కువ పని పెడుతుంది. వచ్చిన మర్నాడు పొద్దున్నే కోటు కూడా విప్పకుండా వసారాలోకి వచ్చి తెర ప్లగ్గు పీకేసింది.

“కృత్రిమ మేధ మీద చట్టం వచ్చింది,” అంది. “పనిచేసేచోటా చదువుచెప్పేచోటా మనుషుల ముఖం చూసి మనసు కనిపెట్టే యంత్రాలు పెట్టకూడదట. మనది కనిపెడుతోంది.”

“కనిపెట్టడం లేదు, మదాం,” అంది జోసియాన్. “ప్రయత్నిస్తోంది.”

కోరలీ సూపుగిన్నెతోనే ముందుకొచ్చింది. “ఆ మూతులు తీసేసి, ఊపిరి చూసేది ఒక్కటీ ఉంచరాదా, మదాం?”

“రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి, కోరలీ. ఏది కూడదో తెలియకుండా ఏది తీయమంటావు? సందేహాలున్నవాళ్ళ కోసం ప్రభుత్వం వారే ఇంటర్నెట్లో సహాయ పేజీ పెట్టారు. అందులో ప్రశ్నలుంటాయి. జవాబులు చెప్పుకుంటూ పోతే మనమెక్కడున్నామో చెబుతుంది. మధ్యాహ్నం అందరం కూర్చుని చూద్దాం. అప్పటిదాకా మళ్ళీ బాతు వేసుకోండి.”

అందరూ తలూపారు. కోరలీ మాత్రం జోసియాన్ వెంట పడింది.

“బాతు నువ్వే వేసుకుంటావుగా?”

“ఇంకెవరు వేసుకుంటారు, మేయరా?” అంటూ జోసియాన్ మేకు మీదనుంచి బాతును తీసి, దుమ్ము ఊది, మెడలో వేసుకుంది. “ఇదిగో. నీ కొడుకు మీద ఒట్టు. పో, నీ గదిలో ఎవరో పెన్సిలు మింగుతున్నారు.”

బెల్జియంలో ఏదైనా నిర్ణయం జరగాలంటే అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. కాఫీ ఉండాలి. వంతులవారీగా అందరూ మాట్లాడాలి, చెప్పడానికేమీ లేనివాళ్ళు ఆ సంగతయినా చెప్పాలి. ఒక్కరు లేకపోయినా ఆ నిర్ణయం నిర్ణయం కాదు. క్రెష్‌లో అందరికీ ఒకేసారి తీరిక దొరికేది పిల్లలు పడుకున్నప్పుడే. నడిచే పిల్లలు మీటింగు గది పక్కనే, తలుపు తీసుంచితే కనపడేలా పడుకునేవారు. చంటివాళ్ళ నిద్రగది వసారా చివర.

“అందరూ వచ్చినట్టేనా?” అని మదాం పీరార్ రెండుసార్లు పిలిచింది. వంట చూసే మార్సెలీన్ బియ్యపు టార్ట్ పట్టుకొచ్చింది. పాలలో ఉడికిన అన్నం, పైన మాడీమాడని గోధుమరంగు మీగడ. ఆ టార్ట్ బల్ల మీదికి వచ్చాక వెర్వియేలో ఎవరూ బయట నిలబడరు.

కోరలీ వస్తూ వస్తూ అలవాటుగా తెర వైపు చూసింది. ఎక్కడా ఎర్రచుక్క లేదు. మనసు కుదుటపడింది. గదిలోకి వచ్చేసరికి చెక్కబాతు కనపడింది. బాతు ఎవరి మెడలోనో ఉందంటే నిద్రగదిలో ఎవరో ఉన్నట్టే. మనసు ఇంకాస్త కుదుటపడి, ఒక ముక్క టార్ట్ వేసుకుంది.

మదాం పీరార్ కంప్యూటరు తెరిచి చదవసాగింది. “ఈ యంత్రాన్ని మీరు తయారుచేశారా, వాడుతున్నారా?”

“వాడుతున్నాం,” అన్నారందరూ. సులభంగా మొదలైంది.

“మీది విద్యాసంస్థా?”

ఇక్కడ కాఫీ ఇంకోసారి పోయాల్సి వచ్చింది.

“మనం చదువు చెప్పం,” అంది మార్సెలీన్.

“నేను చెప్తాను,” అంది జోసియాన్. “ఉమ్మకుండా మింగడం, పక్కవాడి చెవి కొరక్కుండా ఉండడం. మన మంత్రుల్లో కొందరికి ఈ చదువు లేదు.”

విద్యాసంస్థే అని నొక్కితే, మీరు చేస్తున్నది నిషేధం కిందికి రావచ్చు అని వచ్చింది. వెనక్కి వెళ్ళి కాదు అని నొక్కితే, మీరు పెద్దగా చేయాల్సిందేమీ లేకపోవచ్చు అని వచ్చింది. రెండు జవాబుల కిందా ఒకే వాక్యం ఉంది: ఇది సమాచారం కోసం మాత్రమే, చట్టపరమైన సలహా కాదు. మదాం పీరార్ ఆ వాక్యాన్ని రెండుసార్లూ పైకి చదివింది. ఏదీ వదిలిపెట్టే మనిషి కాదు.

“యంత్రం వాడేది వైద్య కారణాలతోనా, భద్రత కోసమా?” అని అడిగి కోరలీ వైపు చూసింది. వంతు ఆమెది.

కోరలీ టార్ట్ పక్కన పెట్టింది. “ఊపిరి ఆగిపోతుందేమోనని, మదాం. అది వైద్యమో భద్రతో నాకు తెలీదు. భయం అని రాయడానికి చోటుందా?”

మదాం పీరార్ నిజంగానే వెతికింది. “లేదమ్మా. ‘ఇతరములు’ అని ఉంది.”

“అందులో పెట్టండి.”

పెట్టింది. తర్వాతి ప్రశ్న వచ్చింది. “యంత్రాన్ని పూర్తిగా నమ్మకుండా, కన్నేసి ఉంచే బాధ్యత ఒక మనిషికి అప్పగించారా?”

“అప్పగించాం,” అంది మార్సెలీన్ గట్టిగా. ఒక్క ప్రశ్నకైనా జవాబు తెలిసినందుకు ఆమె ముఖం వెలిగిపోయింది. “బాతు ఎవరి దగ్గరుంటే వాళ్ళు.”

“బాగుంది. ఇవాళ ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరే,” అని జోసియాన్ చెక్కబాతును ఎత్తి అందరికీ చూపించింది.

మదాం పీరార్ జోసియాన్ పేరు టైపు చేయడం మొదలుపెట్టింది. సగంలో వేళ్ళు ఆగిపోయాయి.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరి కళ్ళూ బాతు మీద పడ్డాయి. ఆ మీటింగుల చరిత్రలో ఎవరి వంతూ కాని సమయం అదొక్కటే. తర్వాత కుర్చీ పడిన చప్పుడైంది. అది కోరలీ కుర్చీ. కోరలీ అప్పటికే వసారాలో ఉంది. నల్లని తెర ముందునుంచి పరిగెడుతుంటే అందులో ఆమె ముఖమే కనపడింది.

నిద్రగదిలో కిటికీ తెరలు దించి ఉన్నాయి. చీకటి, పాలవాసన. తిమెయో మంచం కిటికీ పక్కన. ఆమె తిన్నగా అక్కడికే వెళ్ళింది. వంగి, ముక్కు కింద వేలు పెట్టింది. వెచ్చగా తగిలింది. వెంటనే అనుమానమొచ్చింది. మళ్ళీ పెట్టింది. వెచ్చగానే తగిలింది.

తల ఎత్తబోతుంటే పక్క మంచం కనపడింది. అది జెలీ మంచం. తిమెయో కంటే చిన్నది. దాని గుడ్డగాడిద బొమ్మ, పొట్ట పక్కన ఉండాల్సింది, ముఖం మీదికొచ్చి పడుంది. గాడిద చెవులు పిల్ల చెంపలకింద ఇరుక్కున్నాయి. పిల్ల మూతి ఉండాల్సినచోట గుడ్డ తడిగా లోపలికి పీల్చుకుపోయి ఉంది.

కోరలీ గాడిదను లాగేసింది. కింద జెలీ ముఖం ఊదారంగుకు తిరిగి ఉంది. వెంట్రుకలు తడిసి నుదుటికి అంటుకున్నాయి. పిల్లను ఎత్తి భుజాన వేసుకుని వీపు మీద తట్టింది. ఏమీ లేదు. మళ్ళీ తట్టింది. అప్పుడు జెలీ, నీళ్ళలోంచి పైకొచ్చినదానిలా, పొడుగ్గా గాలి లాగి ఒక్క తుమ్ము తుమ్మింది. ఆ వెంటనే ఏడ్చింది. ఆ ఏడుపుకు తిమెయో లేచి ఏడ్చాడు. వాళ్ళిద్దరి ఏడుపుకూ గదంతా లేచింది.

తలుపు దగ్గర జోసియాన్ నిలబడింది. బాతు ఇంకా మెడలోనే ఉంది. “ఒట్టేశానే, పిల్లా,” అంది. “నీ కొడుకు మీద ఒట్టేశాను.”

“నా కొడుకు బాగానే ఉన్నాడు,” అంది కోరలీ. జెలీని ఎత్తుకునే మంచాల మధ్య నేల మీద కూర్చుండిపోయింది.

డాక్టరు వచ్చి చూసి జెలీకి ఏమీ కాలేదన్నాడు. జెలీ తల్లి ఊరి బస్సు నడుపుతుంది. ఫోనులో చెప్పే మాట కాదని మదాం పీరార్ గొడుగేసుకుని వెళ్ళి బస్టాపులో నిలబడింది. బస్సు ఆగాక ఎక్కి, దాచకుండా అంతా చెప్పింది. ఆమె విన్నది. విని, ఎక్కినవాళ్ళందరినీ ఈ బస్సు ఇక కదలదని దించేసి, నడుచుకుంటూ క్రెష్‌కు వచ్చింది. జెలీని ఎత్తుకుని చాలాసేపు కూర్చుంది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండుననుకున్నారు అందరూ.

మదాం పీరార్ సహాయ పేజీవారికి ఉత్తరం రాసింది. కొన్ని వారాలకు మర్యాదగా జవాబు వచ్చింది. మీరు చెప్పినదాన్నిబట్టి ఊపిరి చూడడం వేరు, మనసు కనిపెట్టడం వేరు. ముఖాలు చూసే భాగాన్ని ఆపేయడం మంచిది. ఏ యంత్రం పెట్టుకున్నా దాని మీదా, అది చూస్తున్నవారి మీదా మనిషి కన్ను ఉండాలి అని ఉంది అందులో. ఇది చట్టపరమైన సలహా కాదు అని కూడా ఉంది. యంత్రం అమ్మినవాళ్ళు వచ్చి మూతులు తీసేసి వెళ్ళారు. పచ్చచుక్కలు మళ్ళీ వెలిగాయి.

“ఇప్పుడు ఎవరికి దిగులో ఎలా తెలుస్తుంది?” అంది జోసియాన్.

“ఏడుస్తారు,” అంది మార్సెలీన్.

మీటింగులు ఇప్పుడు నిద్రగదిలోనే, నేల మీద కూర్చుని, గుసగుసగా జరుగుతాయి. అందుకే త్వరగా ముగుస్తాయి.

అంతా సర్దుకున్నాక మదాం పీరార్ కోరలీని పిలిచింది. “ఆ పాత పద్ధతి తీసేద్దామనుకుంటున్నాను. నువ్వు కావాలంటే చంటిపిల్లల గదిలోకి మారిపో. నీ బిడ్డ దగ్గరుండొచ్చు.”

కోరలీ గోడకు తగిలించిన గుడ్డగాడిద వైపు చూసింది. జెలీ తల్లి దాన్ని తిరిగి తీసుకోనంది.

“వద్దు, మదాం,” అంది. “ముందు మావాడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. అది తప్పు కాదు. వెచ్చగా తగిలింది. ఆ తర్వాత మళ్ళీ పెట్టాను. ఆ రెండోసారి పెట్టినంతసేపూ ఆ పిల్ల పక్కనే ఉంది.”

మదాం పీరార్ కోరలీ ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏముందో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు. కోరలీ నడిచే పిల్లల గదిలోనే ఉండిపోయింది. భయం ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఒకప్పుడు ఒక మంచానికి సరిపోయేది, ఇప్పుడు గది నిండా ఉంది.

ఇది చదువుతున్నవారికి ఒక మనవి. మీ ఇంట్లో ఎవరైనా నిద్రపోతుంటే, చంటిబిడ్డయినా సరే, ముసలివాళ్ళయినా సరే, దీన్ని ఇక్కడే ఆపి లేచి వెళ్ళి చూసి రండి. ఎవరో చూస్తూనే ఉంటారులే అనుకోకండి. ముందు మీవాళ్ళనే చూసుకోండి, ఎవరూ ఏమీ అనరు. ఒక్కసారి చూస్తే చాలు. రెండోసారి చూడబోయే ముందు పక్క మంచం వైపు చూడండి.