లాగుడు తాడు

సోనేపూర్ పొలిమేరలోని ఆ వీధిని పిట్టలోళ్ల వీధి అంటారు. చలికాలం మడుల్లో దిగే ఉల్లంకి పిట్టల్ని వలేసి పట్టిన కుటుంబాలవి. కేసులు పడుతున్నాయని వేట ఎప్పుడో మానేశారు. వలలు మాత్రం అటకల మీద ఉన్నాయి. పుట్టిన బిడ్డకు పేరు పెట్టేది ఇంటి వలతో కట్టిన ఉయ్యాలలోనే. అందులో పడుకోని బిడ్డను ఆ వీధి తన బిడ్డ అనుకోదు.

ఈశ్వరి మనవరాలికి పేరు పెట్టే రోజునే ఫారెస్టు అధికారి వచ్చాడు. వలలన్నీ కుప్పపోసి కాల్చాలని, ఫొటో తియ్యాలని ఒడియాలో మర్యాదగానే చెప్పాడు. వీధికి పెద్ద కాశయ్య ముందు తన వల తెచ్చి పడేశాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ తెచ్చారు. ఇక ఈశ్వరి వల ఒక్కటే మిగిలింది.

బడా బజార్ బట్టల కొట్లో పనిచేసే ఆమె కొడుకు ధనరాజ్‌కి పిట్టలోళ్లన్న మాటే గిట్టదు.

"ఇచ్చీయే అమ్మా. స్టీలు ఉయ్యాల కొన్నాను గదా."

"అది నీ కొట్టు సావుకారి ఇంట్లోనూ ఉంటాది. దాన్ని సూసి ఇది మన పిల్లని ఎవడంటాడ్రా?"

ఈశ్వరి అటక మీది నుంచి వల దించింది. దాని అంచుకు కట్టిన పొడవాటి తాడును కత్తితో కోసింది. చుట్ట చుట్టి తెచ్చి అధికారి ముందు పెట్టింది.

"మాటున కూకొని ఇది లాగితేనే వల పిట్ట మీద పడతాది బాబూ. దీన్ని కాల్చుకో. వల నా మనవరాలిది."

తాడుతో సరిపోదు, వల ఇవ్వకపోతే కేసు రాయాల్సి వస్తుందన్నాడాయన.

"రాసుకో. పేరు ఈశ్వరి. పిట్టలోళ్ల వీధి. అది కూడా రాయి, మరిసిపోకు."

ధనరాజ్ తల దించుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నడవ దూలానికి వల కట్టి, తన పాత చీర పరిచి, కోడలి చేతుల్లోంచి పసిదాన్ని అందుకుని పడుకోబెట్టింది. వల కిందికి సాగి, బిడ్డ బరువుకు బిగిసి నిలిచింది.

ఉయ్యాల మొదట ఊపవలసింది వీధి పెద్ద. అందరూ కాశయ్య వైపు చూశారు. ఆయన అరుగు దిగి, నేరుగా కుప్ప దగ్గరికి నడిచాడు. ముడులు తడిమి తన వల ఏదో పోల్చుకుని, బయటికి లాగి భుజాన వేసుకున్నాడు. దాని అంచున వేలాడుతున్న లాగుడు తాడును పిడికిట పట్టుకున్నాడు.

"ఆ కత్తి ఇలాగియ్యమ్మా," అన్నాడు ఈశ్వరితో.

ఆమె కదలకముందే ధనరాజ్ కత్తి తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాడు.