కిలోకి కిలో

"మా అమ్మకి ఆవులకి పచ్చగడ్డి వేయడం ఒక సరదా అండీ. వద్దన్నా వినదు" అని మా అబ్బాయి నవ్వుతూ చెబుతున్నప్పుడు నేను తోపుడు బండిలోంచి మోపు ఎత్తుతున్నాను. మా పాడిని చూడటానికి వచ్చిన రైతు సంఘం వాళ్ళు నా వైపు తిరిగి, చిన్నపిల్ల బొమ్మలాటను చూసినట్లు ముచ్చటగా చూశారు. వారిలో ఒకాయన "పెద్దావిడకి ఓపికే!" అన్నాడు. ఆ తరువాత అందరూ కొత్త మిక్సర్ బండి వైపు నడిచారు. మంచుకు తడిసిన లూసర్న్ గడ్డి నా చొక్కా చేతిని మోచేతి దాకా తడిపేసింది. మోపును మేత గాడిలోకి వంచుతుండగా కుడి భుజంలో పాతగుడ్డ చిరిగినట్లయింది. కాని నాకు ముందు వచ్చింది నొప్పి కాదు, కోపం. నొప్పి ఆ తరువాత వచ్చింది.

చేయకపోయినా ఎవరికీ ఏ నష్టమూ లేని పనిని సరదా అంటారు. నేను చేసేది అది కాదు. మిక్సర్ బండి ఎండుగడ్డిని, పాతరలో మాగేసిన గడ్డిని, గింజల దాణాను కలిపి గాడిలో పోస్తుంది. ఆవు ఏ కబళం తీసుకున్నా అందులో అన్నీ తగు పాళ్ళలో ఉండాలన్నది ఆ కలపడంలోని ఉద్దేశం. పచ్చమేత అలాంటిది కాదు. అది చౌక, దానిలో బలముంది, ఆవులకు దానిమీద ప్రాణం. కాని అందులో అయిదింట నాలుగు వంతులు నీరే, ఆ నీరైనా వాన పడిన మర్నాడు ఒక తీరు, ఎండ కాసిన మర్నాడు ఒక తీరు. కనుక ఈ రెండు మేతలనూ ఒకే ఆవుకు పెట్టాలంటే, పచ్చగడ్డిలో నీరు పోగా మిగిలే అసలు మేత ఎంతో ఎవరో ఒకరు రోజూ తేల్చాలి. ఆ మేరకు మిశ్రమంలో దాణా తగ్గించి, పీచు మాత్రం తగ్గకుండా చూడాలి. మిశ్రమం ముందు పెట్టాలి, కడుపులో పీచు పరుచుకున్నాక పచ్చది వేయాలి. వరుస తప్పి, ఆకలి మీదున్న ఆవుకు తడి లూసర్న్ వేస్తే కడుపు ఉబ్బి చచ్చిపోతుంది. ఆ 'ఎవరో ఒకరు' నలభై ఏళ్ళ పైచిలుకుగా నేనే.

గుప్పెడు పచ్చగడ్డి తూచి, పెనం మీద సన్నని సెగకు ఆరబెట్టి, మళ్ళీ తూచేదాన్ని. ఆ వాసన తగిలినప్పుడల్లా మా ఆయన "ఏమే, ఇవాళ మాకూ గడ్డివేపుడేనా?" అనేవారు. ఆ హాస్యం ఆయనకు ఇన్నేళ్ళలో పాతబడలేదు. ఆ పైన కొట్టం వైపు వెళుతూ అబ్బాయితో "ఇవాళ దాణా ఇంత తగ్గించు, ఎండుగడ్డి జోలికి పోకు" అనేదాన్ని. వాడు బండి మీద మీటలు నొక్కేవాడు. నొక్కిన వేలు తనది కనుక లెక్కా తనదే అనుకున్నాడు. వాడిలో దురుద్దేశముందని నేననను. నా నోటి నుంచి వెలువడిన లెక్క ఈ ఇంటి మగవాళ్ళ చెవి చేరేసరికి సణుగుడుగా మారుతుంది. ఆ మార్పు వాడు పుట్టకముందే మొదలైంది.

నేను విశ్వవిద్యాలయంలో చదివింది పశుపోషణ శాస్త్రం. పచ్చమేతను మిశ్రమ దాణాతో జోడించడమే నా పరిశోధన విషయం. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను పేడ ఎత్తుతుంటే చూసి మామగారు "అంత చదువు పేడెత్తడానికా అనుకోకమ్మా, నువ్వెత్తితే అది చదువుకున్న పేడ అవుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. కొత్త కోడలిని కనుక నేనూ నవ్వాను. కళాశాలలో అధ్యాపకురాలి ఉద్యోగం వచ్చినప్పుడు మా ఆయన కోప్పడలేదు, వద్దనీ అనలేదు. "అక్కడ పిల్లలకి చెప్పేదేదో ఇక్కడ ఆవులకి చెయ్యి. అవైతే ఎదురు ప్రశ్నలు వెయ్యవు" అన్నారు. కోప్పడి ఉంటే వాదించేదాన్ని. చమత్కారంతో ఎలా వాదించాలో ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు.

భుజంలో కండరం తెగిందని డాక్టరమ్మ తేల్చింది. ఆపరేషన్ చేసి, వారం పాటు ఆసుపత్రిలో ఉంచింది. "ఇక ఈ చేత్తో బరువులు ఎత్తడం మరచిపోండి" అంది. నేను లేని ఆ వారంలో పచ్చగడ్డి కోయడానికి ఇద్దరు కూలివాళ్ళను పెట్టారు. ఒక్క ఆడమనిషి చోట ఇద్దరు మగవాళ్ళు. వారికి ఏ రోజు కూలి ఆ రోజు చేతిలో పెట్టారు.

ఇంటికి వచ్చిన నాటి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నాను. ఆదివారమైనా కోడలు పని నుంచి ఇంకా రాలేదు. ఆమె సర్వేయరు. కొత్తగా వేయబోయే రోడ్డుకు కొలతల బృందాన్ని నడిపించమని పై అధికారి ఆమెను ఎంచుకున్నాడు, మర్నాడే చేరాలి. అంత పెద్ద పని ఆమెకు దక్కడం అదే మొదలు.

"కూలివాళ్ళకి ఎన్నాళ్ళని ఇస్తాం, ఇంట్లో మనుషులుండగా?" అన్నారు మా ఆయన. "రేపటి నుంచి రావద్దని చెప్పేశాను."

"తనుంది కదా నాన్నా. ఓ ఏడాది సెలవు పెట్టేస్తే సరి" అన్నాడు అబ్బాయి.

"అదే నేననేది. లోకంలో పొలాలన్నీ కొలిచింది చాల్లే, ఇక మన కొట్టం కొలవమను."

అబ్బాయి నవ్వి నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్తే వింటుంది. నువ్వంటే తనకి గురి. అసలు ఈ వారం తను ఇంటిపట్టున ఉండుంటే ఆవులు ఇలా అయ్యేవి కావు. పేడ పలచబడింది, పాలలో వెన్న పడిపోయిందని పాల కేంద్రం వాళ్ళు ఒకటే ఫోన్లు."

"పచ్చమేత ఎలా వేశావురా?"

"కూలివాళ్ళు కోసి పడేసి పోతారు, మోసి విడిగా వేసే మనిషెవరమ్మా? మిక్సర్లోనే పడేశాను. గాభరా పడకు, లెక్కగానే వేశాలే. పచ్చది ఎంత వేశానో అంత ఎండుగడ్డి తీసేశాను, కిలోకి కిలో. బండి తెర మీద మొత్తం చూసుకో, ఒక్క కిలో తేడా లేదు."

నేను చెంచా కింద పెట్టి కొట్టంలోకి వెళ్ళాను.

పాడి ఎరిగినవారికి ఆ వేళ కొట్టంలో వినబడవలసిన శబ్దం ఒకటుంటుంది. పద్దెనిమిది ఆవులు పడుకుని నెమరు వేసే శబ్దం. అది వినబడలేదు. సగానికి పైగా నిలబడే ఉన్నాయి. మేమంతా మొండి అని పిలిచే పెద్దావు వెనక కాలొకటి నేలకు ఆనీ ఆనక నిలబెట్టి, గాడిలో తడి మేతను మూతితో పక్కకు తోసి ఎండుగడ్డి కోసం వెతుక్కుంటోంది. నేలంతా నురగ కట్టిన పలచటి పేడ. జరిగినదాన్ని వెనక్కి చదవడం నాకు కష్టం కాలేదు. కిలో ఎండుగడ్డి తీసి కిలో పచ్చది వేస్తే, తీసింది దాదాపు అంతా మేత, వేసింది దాదాపు అంతా నీరు. పీచు పోయింది, దాణా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పీచు లేకపోతే నెమరు ఉండదు. నెమరు లేకపోతే లాలాజలం ఊరదు, అది ఊరకపోతే కడుపులో పుట్టే పులుపును విరిచేది ఏదీ ఉండదు. కడుపు పులిసింది, వెన్న పడిపోయింది, ఆ మంట ఇప్పుడు గిట్టల దాకా దిగింది. అంకె మాత్రం మారలేదు.

"అత్తయ్యా, చేతికి కట్టుతో ఇక్కడేం చేస్తున్నారు?" కోడలు బురద బూట్లతోనే వచ్చి నిలబడింది.

"వింటున్నాను."

"ఏం వినబడట్లేదే."

"అదేనమ్మా."

ఆమె మొండి వైపు చూసి పెదవి కొరుక్కుంది. "పేడ మారిందని నాలుగు రోజుల కిందటే చెప్పానత్తయ్యా మీ అబ్బాయికి. 'నువ్వు పొలాలు కొలుచుకో, పేడ కొలవకు' అన్నారు." ఆ పైన, సరిహద్దు రాయి ఎక్కడుందో చెప్పినంత మామూలుగా అంది: "రేపు చేరలేనని చెప్పేస్తాను. మీరు నేర్పితే నేర్చుకుంటాను. మనం పట్టించుకోకపోతే వీటికెవరున్నారు, నోరులేనివి కదా."

నా ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. నోరులేనివి కదా! నన్ను ఇన్నేళ్ళు కట్టి ఉంచిన తాడు అదే. దాన్ని మగవాళ్ళు మెడలో వేయనక్కరలేదు, మనమే తల దూర్చుతాము. ఎందుకంటే అందులో అబద్ధం లేదు. ఆవుకు నిజంగానే నోరు లేదు, కడుపు నిజంగానే మండుతోంది, ఆ మంటను ఆర్పడం తెలిసిన చేయి ఊరుకోలేదు. ఆర్పగానే మంట లేదు కనుక ఆర్పినవారూ లేరు. నేను ఎంత బాగా చేస్తే, చేయడానికి ఏమీ లేదన్న మాట అంత రుజువవుతూ వచ్చింది. నా నేర్పే నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు వాళ్ళు తలపెట్టినది కూడా మిక్సర్లో చేసిన పనే. నన్ను తీసేసి, నా బరువుకు సరిపడా కోడలిని వేస్తున్నారు, కిలోకి కిలో. ఆమె చదువు, ఆమె రోడ్డు, ఎండలో నిలబడి పదిమంది మగవాళ్ళ చేత మాట వినిపించుకునే ఆమె గొంతు, ఇవేవీ ఆ తెర మీద కనబడవు. మొత్తం మారదు కనుక ఇల్లు నడుస్తోందనే అనుకుంటారు.

"నేర్పుతాను. నీకు కాదు" అన్నాను.

ఆవులు ఏ నేరమూ చేయలేదు కనుక అప్పటికి కావలసినది ఆపలేదు. అబ్బాయిని పిలిచి గాడి ఖాళీ చేయించాను. పొడుగాటి ఎండుగడ్డి నిండుగా వేయించాను. గింజలు ఆపించి, పశువుల డాక్టరుకు ఫోను చేయించి, ఆయన చెప్పిన కొలతలో తినేసోడా కలిపించాను. వాడు చెమట తుడుచుకుంటూ "చూశావా అమ్మా, నువ్వుంటే ఇట్టే సర్దుకుంటుంది" అన్నాడు. చేసినదంతా తానే చేసి కూడా, అది పనేనని వాడికి తోచలేదు. నా కోపాన్ని దాచుకున్నాను. అది మర్నాటికి కావాలి.

తెల్లవారి కొట్టం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కోడలు పాత బట్టల్లో, కొడవలి పట్టుకుని వచ్చింది. ఎడమచేత్తో ఆ కొడవలి తీసుకున్నాను.

"వెళ్ళి బూట్లు వేసుకో."

"అత్తయ్యా..."

"ఆలస్యమైతే నీ కింద పనిచేసేవాళ్ళకి మొదటి రోజే లోకువవుతావు. వెళ్ళు."

ఆమె లోపలికి వెళ్ళింది. మాటలు విని తండ్రీ కొడుకులిద్దరూ బయటికి వచ్చారు.

"ఏమిటే పొద్దున్నే ఈ పంచాయితీ? అమ్మాయి వెళ్తే గడ్డి ఎవరు కోస్తారు?" అన్నారు మా ఆయన.

"మీరు."

"నేనా! డెబ్బై నిండిన మనిషిని పట్టుకుని..."

"నాకు అరవై ఎనిమిది. భుజం తెగిన రోజు దాకా కోశాను."

"దారిన పోయేవాళ్ళు చూస్తే నవ్వుతారే!"

"నవ్వనివ్వండి. లేదంటే మీరు రావద్దన్న కూలివాళ్ళని మీరే రమ్మని పిలవండి. కూలి కూడా మీరే చూసుకోండి. ఇంట్లో మనుషులెవరూ లేరు."

అబ్బాయి మెత్తగా "అమ్మా, నీకు కోపం వచ్చింది, నాకర్థమైంది" అన్నాడు.

"కాలేదు. గుప్పెడు గడ్డి తెచ్చి తూచు. పెనం మీద ఆరబెట్టి మళ్ళీ తూచు. ఎంత మిగిలిందో చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం అర్థం సంగతి."

"పెనం ఎక్కడుంటుందమ్మా?"

"వెతుక్కో."

కోడలు బూట్లు బిగించుకుని, కొలత పరికరాల సంచి భుజాన వేసుకుని వచ్చింది. మోటారు సైకిలు బయటికి తీసి కూడా గేటు దగ్గర ఆగిపోయింది. చూపు ఇంకా మొండి మీదే ఉంది.

"అత్తయ్యా, మరి ఆవులు..."

"ఆవులకి యజమానులు ఇద్దరున్నారమ్మా. నువ్వు బండి తియ్యి."

ఆమె నన్ను చూసింది, వాళ్ళిద్దరినీ చూసింది, కిక్కు కొట్టింది. బండి చప్పుడు మలుపు తిరిగి పూర్తిగా వినబడకుండా పోయింది. నేను కొడవలి ఆయన ముందుకు చాచాను. జీవితమంతా పాడి నడిపిన మనిషి దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఎలా పట్టుకోవాలే ఇది?"

చెప్పాను. ఒక్కసారే చెప్పాను.